వేసవి రాత్రులు – ఆరుబయటి కవితాగోష్ఠులు

కవిత్వాన్ని కంటితో చదువుకొనడం నిన్న మొన్నటి అలవాటు. అచ్చుయంత్రం రాకపూర్వం కావ్యమన్నది ప్రధానంగా చెవికి చెందిన వస్తువు. మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమని, శ్రవ్యమని రెండు విధాలుగా విభజించినారు. ఆ విభాగాన్ని మనం పరీక్షల నిమిత్తం కంఠస్థం చేస్తాము గాని, శ్రవ్యమంటే వినదగినదన్న సామాన్యార్థాన్ని మాత్రం మరచిపోయినాము. వేసవి రాత్రులలో ఉద్యానవనాలలో, మైదానాలలో, ఆరుబయట ఆకాశం క్రింద జరిగే కవితాపఠనాలు ఆ అర్థాన్ని ఇంకా నిలిపి ఉంచుతున్నవి. అవి ఏ విధంగా సాగుతాయో, ఎక్కడ చెడిపోతాయో, మన సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతానికి వాటితో ఏమి పని ఉన్నదో వివరించడం ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

ఈ ఉద్దేశానికి కారణం మీ చేతిలోనే ఉన్నది. ఈ వార్షిక సంచికకు రెండు ముఖపత్రాలు. ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు, కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ. రెండు భాగాలూ నడుమ ఒకచోట కలుసుకొని ఆగిపోతాయి. దీనిని చేతబట్టిన విద్యార్థులలో చాలామంది సగం పుటలను మాత్రమే చదవగలరు. తెలుగు మాధ్యమంలో చదివిన ముస్లిం విద్యార్థికి ఇంటిభాష ఉర్దూయే అయినా దాని లిపి రాదు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారికి తెలుగు మాట వస్తుంది, ఒత్తులు రావు. అయితే ఈ ఇరువురూ భోజన విరామంలో ఒకే చెట్టు క్రింద కూర్చుండి, రెండు భాషలనూ కలిపి మాట్లాడుకొంటూ హాయిగా నవ్వుకొంటారు. కాగితం మీద వేరుపడినవారు మాటలో వేరు కాలేదు. పుస్తకం కలపలేనివారిని గోష్ఠి కలపగలదన్న నా నమ్మకానికి ఆధారం ఇదే.

ఈ విషయంలో మన ప్రాంతానికి చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది. పటాన్‌చెరు అనగానే నేడు పొగగొట్టాలు, రసాయన కర్మాగారాలు, రహదారి మీద లారీల వరుసలు స్ఫురిస్తాయి. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ ఊరి పేరు పొట్లచెరువు. ఇబ్రహీం కుతుబ్‌షా గోలకొండను పాలించిన కాలంలో, అనగా 1550–1580 నడుమ, ఈ ప్రాంతానికి అధికారిగా ఉండిన అమీన్ ఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు తన ‘యయాతి చరిత్రము’ను అంకితమిచ్చినాడు. తత్సమాలను విడిచి అచ్చతెనుగున వెలసిన మొదటి కావ్యం అదే. సంస్కృత పదాలను అంత పట్టుదలతో వడగట్టిన కవి, కృతిపతి పేరులోని అరబ్బీ మాటను మాత్రం నిస్సంకోచంగా తలకెత్తుకొన్నాడు. వ్యాకర్తలు దీనికేమి చెబుతారో గాని, నాకు మాత్రం ముచ్చటగా తోస్తుంది. కృతిని స్వీకరించడమంటే ఆ రోజులలో గ్రంథాన్ని అలమరలో పెట్టుకొనడం కాదు, సభలో కూర్చుండి వినడం. ఇబ్రహీం కుతుబ్‌షానే తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను అతనికే అంకితమిచ్చినాడు. పద్యం వినడానికి ఆ ప్రభువులకు లిపి అడ్డు రాలేదు.

ఇక ఆరుబయలు, వేసవి అన్న రెండు మాటలను గురించి. మనది పీఠభూమి. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిసాట్ పరిశోధన క్షేత్రం సముద్రమట్టానికి సుమారు 545 మీటర్ల ఎత్తున ఉన్నది. మే నెలలో పగలు 40 డిగ్రీల దాకా ఎక్కిన వేడిమి తెల్లవారుజామునకు 26 డిగ్రీల ప్రాంతానికి దిగుతుంది. తీరప్రాంతంలో వలె గాలిలో చెమ్మ నిలువదు గనుక, పొద్దు గూకిన రెండు మూడు గంటలకు ఆరుబయట కూర్చుండడం ఇంటిలోపల కూర్చుండడం కంటె సుఖంగా ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది పగటిమాట. ఆ పగటిని సహించినవారికి రాత్రి ఒక బహుమానం వంటిది. పంట పనులు ముగిసి, వానలు ఇంకా రాని ఆ రోజులలోనే మన పల్లెలలో ఒగ్గుకథలు, చిందు భాగవతాలు తెల్లవార్లూ నడిచేవి. వాకిట్లో నులక మంచాలు వాల్చుకొని పడుకొనే అలవాటున్న జనానికి కథ వినడానికి వేరుగా నాటకశాల అవసరం లేకపోయినది.

రాత్రికి మరొక గుణం ఉన్నది. అది భౌతికశాస్త్రానికి సంబంధించినది గనుక సైన్సు విద్యార్థులు నాకంటె బాగుగా చెప్పగలరు. ఎండవేళ నేల కాగి, నేలను ఆనుకొన్న గాలి వేడెక్కి, పైగాలి దానికంటె చల్లగా ఉంటుంది. అప్పుడు ధ్వని తరంగాలు పైకి వంగి చెదరిపోతాయి. రాత్రి గాలి స్తంభించి ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు నేల ముందుగా చల్లబడుతుంది. నేలను ఆనుకొన్న గాలి చల్లగా, పైది వెచ్చగా ఉంటుంది. ధ్వని క్రిందికి వంగి దూరం పోతుంది. పగలు వినబడని రైలు కూత రాత్రి వినబడడంలోని రహస్యం చాలావరకు ఇదే. పైగా ఆరుబయట గోడలు లేవు గనుక ప్రతిధ్వని లేదు. హాలులో ఒక అక్షరం మోగుతుండగానే దాని మీద మరొక అక్షరం వచ్చి పడుతుంది. బయట ప్రతి హల్లూ విడివిడిగా చెవికి చేరుతుంది. అయితే దూరం రెట్టింపైనప్పుడు ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గోడలు తిప్పి పంపవలసిన శబ్దాన్ని ఇక్కడ మనుషులే తిప్పి పంపాలి. ముషాయిరా అన్న ప్రక్రియ ఈ సూత్రం మీదనే నిలిచి ఉన్నదని నా అభిప్రాయం.

ముషాయిరాను ఎన్నడూ చూడని తెలుగు విద్యార్థుల కొరకు దాని నడకను కొంత విపులంగా చెబుతాను. రాత్రి ఇషా నమాజు ముగిసిన తరువాత సభ కూడుతుంది. పెద్దవారిలో ఒకరు సదర్, అనగా అధ్యక్షుడు. సభను నడిపేవాడు నాజిం. పూర్వం వెలిగించిన షమా, అనగా దీపం, ఎవరి ముందుకు వస్తే వారు చదవాలి. ఢిల్లీలో పుట్టి హైదరాబాదు రాజ్యంలో ఉద్యోగం చేసిన మీర్జా ఫర్హతుల్లా బేగ్, మొగలుల చివరి రోజుల నాటి ఢిల్లీ ముషాయిరా నొకదానిని ఊహించి వ్రాసిన ప్రసిద్ధ రచనలో, ఈ దీపం ఒకరి ముందునుండి మరొకరి ముందుకు సాగడం కన్నులకు కట్టినట్లు వర్ణించినాడు. నేడు దీపం స్థానంలో మైకు వచ్చినది గాని వరుస మాత్రం మారలేదు. చిన్నవారు ముందు, పెద్దవారు తరువాత, అందరికంటె చివర సదర్. మన సభలలో అధ్యక్షోపన్యాసం మొదటనే వచ్చి శ్రోతలను అలయజేస్తుంది. వీరు అధ్యక్షుణ్ణి చివరిదాకా కూర్చుండబెట్టి అందరి కవిత్వమూ వినిపిస్తారు. ఈ ఒక్క నియమాన్నైనా మనం అరువు తెచ్చుకొంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించినది.

గజల్‌లోని ప్రతి షేర్ రెండు పాదాలది, దేనికదే పూర్తి. కవి మొదటి మిస్రాను చదివి ఆగుతాడు. ముందు వరుసలోనివారు దానిని అందుకొని తిరిగి పలుకుతారు. దీనిని ‘మిస్రా ఎత్తడం’ అంటారు. కవి మరల చదువుతాడు. ఈ లోపల ఆ పాదం చివరి వరుస దాకా నోటినుండి నోటికి చేరిపోతుంది. గోడలు చేయవలసిన పనిని మనుషులు చేస్తారన్నది ఇందుకే. అప్పటికి కాఫియా అనే ప్రాస, రదీఫ్ అనే పునరుక్త పదం శ్రోతకు తెలిసిపోయి ఉంటాయి గనుక, రెండవ పాదం ఏ మాటతో ముగియనున్నదో అతడు సగం ఊహించి కాచుకొని ఉంటాడు. ఊహించిన మాటయే ఊహించని అర్థంతో వచ్చి పడినప్పుడు ‘వాహ్’ అన్న కేక లేస్తుంది. ‘ముకర్రర్’ అంటే మరొకసారి అని. చివరి షేర్ అయిన మక్తాలో కవి తన కలంపేరును ఇముడ్చుతాడు. కొందరు తరన్నుంతో, అనగా రాగయుక్తంగా చదువుతారు. కొందరు తహ్తుల్ లఫ్జ్‌గా, మాట మీదనే బరువుంచి చదువుతారు. తరహీ ముషాయిరాలో ముందుగా ఒక మిస్రాను ఇచ్చి, ఆ ఛందస్సులో, ఆ ప్రాసతోనే అందరినీ వ్రాసుకొని రమ్మంటారు. మన సమస్యాపూరణానికి ఇది దగ్గరి చుట్టం.

ఈ ప్రశంసను విని ముషాయిరాలో లోపాలు లేవనుకోరాదు. గొంతు బాగున్నవాని పేలవమైన గజల్ నెగ్గి, గొంతు లేని మంచికవి వెలవెలబోవడం తరచుగా జరిగేదే. చప్పట్ల కొరకు నినాదాలను ప్రాసలో పేర్చేవారూ ఉన్నారు. చేతిఫోనులు వచ్చిన పిదప, వినవలసినవారు చిత్రీకరణలో మునిగి ‘మిస్రా ఎత్తడం’ మానుకొంటున్నారు. రెండు చేతులతో ఫోను పట్టుకొన్నవాడు దాద్ ఏమి ఇవ్వగలడు?

తెలుగులో దీనికి సాటి రాగలది ఉగాది కవిసమ్మేళనం. వేసవి వాకిట నిలిచే పండుగ అది. పంచాంగ శ్రవణం, వేపపూత పచ్చడి, సాయంత్రం కవిసమ్మేళనం మనకు ఆనవాయితీ. కాని మన సమ్మేళనంలో కవి ఒక వైపు, శ్రోత ఒక వైపు. కవి తన వంతు చదివి నమస్కరిస్తాడు, శ్రోతలు మర్యాదకు చప్పట్లు కొట్టి ఊరుకొంటారు. నడుమ ఎవరైనా ‘ఆహా’ అంటే పక్కవాడు తిరిగి చూస్తాడు. పద్యానికి యతిప్రాసలున్నవి, రాగం తీసి చదివే అలవాటున్నది గనుక అది ఆరుబయట నిలిచినది. అవధాన సభలలో సామాన్యులు సైతం పూరణ నాలుగవ పాదం కొరకు ఊపిరి బిగబట్టి వింటారు. వచనకవితకు అటువంటి ముందస్తు సూచన లేదు. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ముగుస్తుందో శ్రోతకు తెలియదు. పుటమీద అది గుణమే కావచ్చును, చీకటిలో కూర్చున్న రెండువందల మందికి మాత్రం అది కష్టం. ఈ కష్టాన్ని గుర్తించిన మన కవులు లేకపోలేదు. ‘గాలిబ్ గీతాలు’ను తెలుగులోకి తెచ్చిన దాశరథి, ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి. నారాయణరెడ్డి, ఇరువురూ తెలుగులో గజళ్లు వ్రాసినారు. నారాయణరెడ్డి గజల్ ఎత్తుకొంటే తెలుగు సభ కూడా బదులు పలికేది. అనగా లోపం శ్రోతలలో లేదు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టి 2023లో గతించిన గద్దర్ పాటకు మైదానాలు ఊగిపోయినవంటే పల్లవిని జనం అందుకొనే వీలు అందులో ఉన్నది గనుకనే.

హైదరాబాదు నగరం ఈ గోష్ఠులకు తోటలను, మైదానాలను ఏనాడూ కరవు చేయలేదు. దీవానును కూర్చిన తొలి ఉర్దూ కవిగా పేరొందిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా వసంతాన్ని గురించి, మిర్గ్ అనగా మృగశిర తొలకరిని గురించి దక్కనీలో ఎన్నో కవితలు చెప్పినాడు. బాగె ఆమ్ అని పెద్దలు పిలుచుకొనే పబ్లిక్ గార్డెన్స్‌లోనే 1938లో నుమాయిష్ మొదలైనది. 1946లో అది నాంపల్లి మైదానానికి తరలినది. నుమాయిష్ ముషాయిరా శీతకాలపుది, శాలువలు కప్పుకొని వినవలసినది. ఆ ఉద్యానంలోనే తరువాతి కాలంలో లలితకళాతోరణమనే ఆరుబయటి రంగస్థలం వెలసినది. 2010లో బంజారాహిల్స్‌లో తెరుచుకొన్న లామకాన్ చిన్న ఆవరణ. పేరుకు ‘చోటులేనిది’ అని అర్థమైనా, చాయ్, సమోసాలతో సహా అందరికీ చోటిచ్చినది. కవి యాకూబ్ 2012లో ప్రారంభించిన కవిసంగమం తన నెలసరి సభలను అక్కడ జరిపి, పెద్దల సరసన కొత్తగా వ్రాసే యువకులకు కూడా పీట వేసినది. దూరదేశాలలోనూ ఈ పద్ధతి ఉన్నది. ఉత్తర మాసిడోనియాలోని స్ట్రుగా పట్టణంలో ప్రతి వేసవిలో నది వంతెనమీద కవులు నిలిచి చదువుతారు, ఒడ్డున జనం వింటారు. కొలంబియా దేశపు మెదెయీన్ నగరంలో హత్యలు నిత్యకృత్యమైన 1991లో కవితోత్సవం ఆరంభమైనది. సాయంత్రమైతే గడప దాటడానికి భయపడిన ప్రజలు కవిత వినడానికి బయటికి వచ్చినారు.

మరల మన జిల్లాకు వద్దాము. మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న పుట్టిన అందోలు నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. ‘సుర్ఖ్ సవేరా’, ‘గుల్ ఎ తర్’, ‘బిసాత్ ఎ రక్స్’ కావ్యసంపుటాలు వెలువరించి, హైదరాబాదు కార్మిక సంఘాలకు నాయకుడై, 1969లో ఢిల్లీలో కన్నుమూసినాడు. ఆయన ‘చారాగర్’ 1964లో సినిమాపాటై దేశమంతా మోగినది. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలలో ఆయనదీ ఒకటి. నేను తరగతిలో ఆయనను గురించి ప్రస్తావించినప్పుడు పేరు విన్నవారు ఇద్దరు ముగ్గురికి మించరు. చదవబోతే లిపి రాదు. కాని ఒకనాడు ఉర్దూ శాఖ మిత్రులొకరు వచ్చి ‘చారాగర్’ను తరన్నుంతో చదివినప్పుడు, తెలుగు విభాగపు విద్యార్థులు అర్థం అడగకముందే మరల చదవమన్నారు. అర్థం తరువాత, తీరికగా అడిగినారు. కార్మికుల నడుమ బ్రతికిన కవి పుట్టిన జిల్లాలో నేడు లక్షలాది కార్మికులున్నారు. ఆయనను వారికి వినిపించే చోటు మాత్రం లేదు.

ఆ చోటు ఎట్లుండాలన్న ప్రశ్నకు పుస్తకాల కంటె కర్మాగారాల సైరనే సరైన సమాధానం చెబుతుంది. రామచంద్రాపురం నుండి పాశమైలారం దాకా చాలాచోట్ల రెండవ షిఫ్టు రాత్రి 10 గంటలకు విడుస్తారు. సాయంత్రం 6 గంటలకు ఆరంభించి 8 గంటలకు ముగించే మన సాహిత్యసభకు ఆ షిఫ్టు కార్మికుడు ఎన్నటికీ రాలేడు. ఇషా తరువాత మొదలయ్యే ముషాయిరా వేళ అతనికి సరిగా సరిపోతుంది. వచ్చినవారిలో తెలుగువారితో పాటు బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్‌ల నుండి వచ్చినవారు ఉంటారు. వారిలో చాలామంది ఉర్దూ గజల్‌ను మన తెలుగు విద్యార్థి కంటె సులువుగా అందుకొంటారు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించినారు. మృతులలో అనేకులు ఈ దూరప్రాంతాలవారే. అటువంటివారి కొరకు స్మృతికవిత చదవాలంటే ఏ లిపిలో అచ్చువేసి ఎవరికి పంచగలము? మర్సియాను ఎరిగిన ఉర్దూకు, కాటివరకు పాటతో సాగనంపే తెలుగు పల్లెకు, చచ్చినవారిని కలిసి తలచుకొనడం కొత్త కాదు. దానికి కావలసినది కూర్చుండడానికి ఇంత చోటు.

ఒక చిక్కును దాచరాదు. రాత్రివేళ ధ్వనిని నేలకు దగ్గరగా ఉంచే ఆ చల్లని నిశ్చలమైన గాలియే కర్మాగారాలు వదలిన వాసనను కూడా నేలకు దగ్గరగానే పట్టి ఉంచుతుంది. రసాయన కర్మాగారాల సమీపాన రాత్రిళ్లు ముక్కు మూసుకొనే ఊళ్లవారికి ఈ విషయం ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనక్కర లేదు. కనుక గోష్ఠికి స్థలం వెదికేవారు చెట్లను, చెరువును చూసుకొన్నట్లే గాలి ఎటునుండి వీస్తుందో కూడా చూసుకోవాలి. ఆ స్థలంలో రెండు గంటలు కూర్చుండలేమని తేలితే, ఆ సంగతిని సభలోనే అధికారులకు వినబడేటట్లు చెప్పవచ్చును. కవులకు ఇంతకంటె మంచి సమస్య ఏమి ఇవ్వగలము?

మరొక చిక్కు చట్టానిది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడు స్పీకరు వాడరాదు. పెద్ద ముషాయిరాకు ఇది అడ్డంకి. చిన్నదానికి మాత్రం మేలే. నూటయాభై మంది అర్ధచంద్రాకారంగా దగ్గర దగ్గరగా కూర్చుంటే, నిశ్శబ్దపు రాత్రిలో నిలిచి చదివే కంఠానికి మైకు అక్కర లేదు. మిస్రాను ఎత్తడం శ్రోతలకు అలవడితే ఇంకొక యాభై మందిని కూడా చేర్చుకోవచ్చును. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, ఒక తెలుగు కవి తరువాత ఒక ఉర్దూ కవి. రెండు భాషలూ తెలిసిన నాజిం ఒకడు ప్రతి కవిత సారాన్ని రెండు వాక్యాలలో ఆవలి భాషవారికి ముందుగా చెప్పి ఉంచాలి. తరువాత చెబితే లాభం లేదు, అప్పటికి చప్పట్లు ముగిసి ఉంటాయి. తరహీ మిస్రాకు జతగా ఒక తెలుగు సమస్యను కూడా వారం ముందు ప్రకటించవచ్చును. అధ్యక్షుడు చివర మాట్లాడాలి, వీలైతే మాట్లాడక చదవాలి.

ఇక తిథి. ఉగాది నుండి మృగశిర కార్తె దాకా మనకు రమారమి రెండున్నర నెలల పొడి రాత్రులున్నవి. చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2019 నుండి 2023 దాకా వేసవిలో తరావీహ్ నమాజుల కారణాన ముస్లిం శ్రోతలకు రాత్రి తీరిక దొరకని రోజులుండేవి. ఇప్పుడు రంజాన్ వేసవిని దాటి వెనుకకు పోయినది. మరి రెండు దశాబ్దాలకు పైగా ఏప్రిల్, మే నెలల రాత్రులు ఉభయులకూ ఖాళీగానే ఉంటాయి. డిగ్రీ పరీక్షల పట్టికను చూసుకొని, వెన్నెల ఉన్న శనివారాన్ని ఎంచుకొంటే దీపాల ఖర్చు కూడా తగ్గుతుంది. కావలసినవి రెండు పెద్ద జంపకానాలు, నాలుగు మట్టికుండల నీరు, చదివేవారి ముందు ఉంచడానికి ఒక లాంతరు.